సిగ్నల్ స్తంభం అరికాలికి పసుపు

మా చిన్నప్పుడు దసరా కొలువులో దేవుళ్లున్న పై మెట్ల కంటే కింద నేల మీదే జనం ఎక్కువ... అక్కడ మా కరెంటు బొమ్మ రైలు తిరిగేది మరి!

నాన్నగారు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసేవారు. ఎవరో స్నేహితుడు మద్రాసు నుంచి తెచ్చిచ్చిన రైలు అది. గుండ్రంగా పట్టాలు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, పక్కనే జానెడు సిగ్నల్ స్తంభం. స్తంభం అడుగున రెండు ఇత్తడి రేకులు. అవి పట్టాలకు తగిలితే పైన ఎర్ర దీపం వెలిగేది. భవానీపురంలో మా వీధి పిల్లలంతా ఆ దీపం కోసమే వచ్చేవాళ్లు...

ఒక ఏడు ఆయుధ పూజ నాడు సాయంత్రం, సరిగ్గా పేరంటాళ్లు వచ్చే వేళకి... దీపం వెలగలేదు!

రైలు తిరుగుతోంది. దీపం మాత్రం లేదు. క్లాసులో అందర్నీ పిలిచేశాను. ఏడుపొక్కటే తక్కువ.

"ఊళ్లో సిగ్నళ్లన్నీ చూసే మనిషి... ఇంట్లో జానెడు స్తంభం వెలిగించలేరుటండీ?" శనగలు తాలింపు వేస్తూ అమ్మ.

నాన్నగారికి రోషం వచ్చింది. చొక్కా విప్పి నేల మీద కూర్చున్నారు. బల్బు తీసి టార్చిలైటు బ్యాటరీకి ఆనించారు... వెలిగింది! వైరు లాగి చూశారు. గట్టిగానే ఉంది. రైలు తిరుగుతోందంటే పట్టాల్లో కరెంటు ఉన్నట్టే.

"బల్బు మంచిదే. కరెంటూ ఉంది. మరి మధ్యలో దొంగెవడ్రా?" అన్నారు నాతో.

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు... వచ్చేస్తున్నారు!

నాన్నగారు స్తంభాన్ని పైకెత్తి తిరగేశారు. రేకుల నిండా పచ్చగా, ఎండి అట్టకట్టిన పసుపు!

"ఏమేవ్! ఇదేమిటి?"

"పొద్దున పూజ చేశాను కదండీ. పాదాలకి పసుపు రాసేటప్పుడు అరికాళ్లు వదిలేస్తామా?"

నాన్నగారు పగలబడి నవ్వారు. గరుకు కాగితంతో గీకి స్తంభాన్ని మళ్లీ నిలబెట్టారు... ఎర్రగా వెలిగింది! మేమంతా ఒకటే కేక.

అమ్మ మాత్రం పద్ధతి మార్చుకోలేదు. పూజ నాడు పొద్దున ఆవిడ రాయడం, సాయంత్రం నాన్నగారు గీకడం... మా ఇంట్లో అదీ పండగే.

తర్వాత ఆ పసుపు గిన్నె మా ఆవిడ పద్మ చేతికి వచ్చింది. గరుకు కాగితం నా చేతికి.

"పైన రాయచ్చుగా?" అనేవాణ్ణి.

"అత్తయ్యగారు అడుగునే రాసేవారు. మీకెందుకండీ, గీక్కోండి" అనేది.

పోయినేడు పూజ రోజు వాన, కరెంటు లేదు. రైలు నడపలేదు. గీకకుండానే పెట్టెలో సర్దేశాం.

ఈ వేసవిలో పద్మ పోయింది.

ఈ ఏడు మాకు పండగ లేదు. కింద ఫ్లాట్ అమ్మాయి వచ్చి, "అంకుల్, మీ రైలు మా కొలువులో పెట్టుకోనా?" అని అడిగింది. ఇచ్చాను. నేనే వెళ్లి బిగించాను. పట్టాల మీద బండి పరుగెత్తింది! ఇన్నేళ్లయినా నా గుండె అలాగే ఎగిరింది...

దీపం వెలగలేదు.

బల్బు చూడలేదు. వైరు చూడలేదు. స్తంభం తిరగేశాను. పసుపు... మధ్యలో వేలి గుర్తు.

గరుకు కాగితం జేబులోనే ఉంది. తియ్యలేదు. వన్ టౌన్ బజారుకి వెళ్లి సన్న వైరు తెచ్చాను. రేకుల జోలికి పోకుండా పట్టాల నుంచి బల్బుకి నేరుగా కలిపాను. వెలిగింది!

"ఏమైందంకుల్?"

"చిన్న కాంటాక్టు ప్రాబ్లమమ్మా."

పూజ నాడు ఆ అమ్మాయి కుంకుమ భరిణె, పసుపు గిన్నె పట్టుకుని, "దీనికి ఎక్కడ రాయాలండీ?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా. రాసే ఉంది" అన్నాను.

ఇప్పుడు సిగ్నల్ ఒక్కసారి కూడా మొరాయించడం లేదు. గీకే పని లేదు...

మీ ఇళ్లలో ఏ మిషన్‌కి ఎక్కడ పసుపు రాసి ఆపేసేవారు? ఎవరు రాసేవారు? చెప్పండి... చదువుతాను.