పెట్టె పలకని నలభై మాటలు

ఆ రోజుల్లో నాకున్న ఆస్తి జ్ఞాపకశక్తి ఒక్కటే. నాలుగో తరగతితో బడి మానేసినా, ఒకసారి చెవిన పడిన మాటను మళ్లీ అడిగేదాన్ని కాదు. అడిగే ధైర్యమూ లేదనుకోండి. చెప్పింది రెండోసారి చెప్పమంటే మా నాయన మండిపడేవాడు. వినపడినా పడకపోయినా "సరే నాయనా" అనడమే మా ఇంటి పద్ధతి. ఆ పద్ధతి నన్ను సైన్యం పెట్టెల దగ్గర ఇరికిస్తుందని ఎవరనుకున్నారు?

సిపాయిలు మాట్లాడుకునే రేడియో పెట్టెలను పరీక్షించడానికి వజ్రకరూరు దగ్గరి బీడులో కొందరు గుడారం వేశారు. నేను వాళ్లకు వంటమనిషిని. (గాలికి సంగటి నిండా ఎర్రమట్టి పడేది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద సారు అది రాగుల రంగే అనుకుని తినేవాడు.) జీపు డ్రైవరన్న ఒక పెట్టె తీసుకుని రోజూ ఇంకాస్త దూరం పోయి, కాగితం చూసి యాభై మాటలు చదవాలి. ఈ కొసన విన్నవాళ్లు వాటిని తిరిగి చెప్తే సారు టిక్కులు పెట్టుకుంటాడు. తన మనుషులందరికీ ఆ మాటలు నోటికి వచ్చేశాయని, కొత్త చెవులు కావాలని నన్ను కూర్చోబెట్టాడు. నా చెవులు రెండు రోజులే కొత్తవి. (కాగితం మార్చాలని అంత చదివినవాళ్లకు తోచలేదు. నాకు ఇప్పటికీ అదే మంట.)

చెవిలో పెట్టె గరగర, పక్కన పరీక్ష కోసం కావాలనే పెట్టిన జనరేటర్ మోత, నెత్తిన ఎండ, పొయ్యి మీద మాడుతున్న పప్పు. తొమ్మిదో రోజు యాభైకి యాభై చెప్పేశాను. పెట్టెలు పాసయ్యాయని సారు సంతకానికి పెన్ను తీశాడు. అంతలో జీపు వచ్చింది.

"పదో మాటకే పెట్టె చచ్చిపోయినాది సారూ. అరిచి అరిచి నా గొంతు ఎండిపోయినాది," అన్నాడు డ్రైవరన్న.

సారు నా వైపు తిరిగాడు. మిగతా నలభై ఎవరు చెప్పారని అడిగాడు.

"నేనే సారూ. గొడ్డలి తర్వాత చేట, చేట తర్వాత నిచ్చెన. పెట్టె చెప్పకపోతేనేమి, నాకు తెలుసు గదా. ఎండలో మీరు పడే బాధ చూడలేక చెప్పేసినా."

"అయితే పెట్టెలెందుకమ్మా," అన్నాడు డ్రైవరన్న, "సిపాయిల దగ్గరికి నిన్నే పంపిస్తే సరిపోతాది."

సారు నవ్వలేదు. "ముందుకు పొమ్మన్నారో వెనక్కి రమ్మన్నారో, అక్కడున్నవాడికి ఈ పెట్టె ఒక్కటే దిక్కు తల్లీ. వినపడకపోతే వినపడలేదు అను. నాకు కావలసింది ఆ మాటే."

తొమ్మిది రోజుల కాగితాలు చింపేసి, అదే ఎండలో మొదటి నుంచి మొదలుపెట్టారు, రోజుకో కొత్త కాగితంతో. మొదటిసారి "వినపడలేదు" అనడానికి నాకు నోరు రాలేదు. వెనక నాయన ఉన్నాడేమోనని చూసుకున్నాను. నేను అలా అన్నప్పుడల్లా సారు ముఖం వెలిగేది. (విచిత్రమైన మనిషి.) చివరికి పెట్టె లోపల ఒక తీగ వదులైందని పట్టుకుని, బాగుచేశాకే సిపాయిలకు పంపించారు.

ఇప్పుడు మా ఆయన కుందుర్పి నుంచి ఫోన్ చేస్తాడు, మధ్యలో మాట తెగిపోతుంది. బస్సు రాలేదు, సంగటి ఉంచు అనే ఆ మాట నాకు ముందే తెలుసు. అయినా "వినపడలేదు, మళ్లీ చెప్పు" అంటాను. ఆయన విసుక్కుంటూనే చెప్తాడు. ఆ యాభై మాటలు మాత్రం ఈనాటికీ వరసగా వస్తాయి. అడిగేవాళ్లే లేరు.