చెవి లేని కారుకు చేసిన వైద్యం

నవ్వుతమంటే నవ్వుండ్రి గాని, నడుమల ఆపి "నిజంగనే చేసినవా?" అని మాత్రం అడగకుండ్రి. చేసిన. పెండ్లి పిలగాడు పెండ్లికి చేరకుంట చెయ్యాల్నంటే పగోడు సుత అంత కష్టపడడు. సొంత బావను, నేను పడ్డ.

నాకు జగిత్యాల్ల సెల్‌ఫోన్లు రిపేర్ చేసే దుకాణమున్నది. నీళ్లల్ల పడ్డ ఫోన్లు, బస్సు కింద పడ్డ ఫోన్లు, మొగడు పెండ్లాల కొట్లాటల గోడకు తాకిన ఫోన్లు, అన్నీ నా చేతిల బతికి బట్టకట్టినయ్. దాంతోని నాకొక పొగరు పట్టింది. కరెంటు తోని నడిచేది ఏదైనా నా మాట వింటదని. గప్పుడే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్న. తాళంచెవి పెట్టి తిప్పే పనే లేదు దానికి. చెవి జేబుల ఉంటే చాలు, బటన్ నొక్కుతే గుర్రుమంటది. ఆ బటన్ నొక్కినప్పుడల్లా నేను విమానం నడుపుతున్నట్టే ఉండేది.

నా బామ్మర్ది మహేష్ పెండ్లి కుదిరింది. మా అత్తగారిల్లు కోరుట్ల, పెండ్లేమో సిరిసిల్లల పిల్లోళ్లింటి కాడ. "నేనుండంగ కిరాయి కారెందుకు మామా? పిలగాన్ని నేనే తీస్కస్త" అన్న. మా మామ నా దిక్కు చూసిండు, కారు దిక్కు చూసిండు, మళ్ల నా దిక్కు చూసిండు.

"తొవ్వల ఆగదు కదా అల్లుడా?"

"ఆగుడా! మామా, నేను ఆపితేనే ఆగుతది."

ఆ మాటొక్కటి మాత్రం నిజమైంది.

పెండ్లి నాడు పొద్దుగాల్నే కారుకు పూలు కట్టి, స్టార్ట్ చేసి, ఏసీ పెట్టి, వాకిట్ల నిలబెట్టిన. మామ చుట్టాలను బస్సుల ఎక్కించుకొని ముందే పోయిండు. మిగిలిన ఆడోళ్లు వెనుక జీపుల రావాలె. నా భార్య లావణ్య బయటికచ్చి నన్ను చూసి నెత్తి కొట్టుకున్నది. "గదేంది, అంగీకి గంత పసుపు? గిట్లనే నిలబడ్తవా ఫోటోలల్ల?" ఉరికి ఇంట్లకు పోయిన, అంగీ ఇడిసి మంచం మీద పారేసిన, ఇంకోటి ఏసుకొని ఉరికొచ్చి కార్ల కూసున్న.

మీకు సమజైంది కదా? తాళంచెవి ఇడిసిన అంగీ జేబులనే ఉన్నది. నాకు సమజ్ కాలే. గసొంటి కారు ఒకసారి స్టార్టైనంక చెవి ఎంత దూరమున్నా నడుస్తనే ఉంటది. కాకపోతే ఒకసారి ఆగిందంటే మాత్రం చెవి రానిది మళ్ల లేవది. పెద్దలు అంగట్ల అన్నీ ఉన్నయ్, అల్లుని నోట్ల శని ఉన్నదన్నరు. మా కథల కార్ల అన్నీ ఉన్నయ్, అల్లుని జేబుల చెవి లేదు.

ముందట నా పక్కకు మహేష్, వెనుక మా అత్తమ్మ. వాడ దాటకముందే కారు కీక్ కీక్ అనుడు మొదలు పెట్టింది.

"గదేంది అల్లుడా, కోడిపిల్ల లెక్క ఒర్రుతుంది?"

"పెండ్లి కారు కదత్తమ్మా, సంబురం దానికి."

కథలాపూర్ దాటినంక రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నయ్. ఎదురుంగ లారీ. నేను బ్రేకు తొక్కిన, క్లచ్చు మర్చిన. కారు దగ్గొచ్చినోని లెక్క ఊగి, వడ్ల అంచు మీదికెక్కి ఆగిపోయింది. బటన్ నొక్కిన. సప్పుడు లేదు. మళ్ల నొక్కిన. మీటర్ల ఒక ఎర్ర బొమ్మ మిణుకు మిణుకుమన్నది.

"ఏంది బావా అది?"

కండ్లు చిన్నగ చేసి చూసిన. అది తాళంచెవి బొమ్మ. పసిపిల్లగాన్ని అడిగినా చెప్తడు. నేనేమో, "పానా బొమ్మరా. ఇంజన్ల పని పడ్డదన్నట్టు" అన్న.

ఇగ బానెట్ లేపిన. చెవి లేదు, చేవ లేదు, మెకానిక్కు పేరు సీనయ్య! గా సీనయ్యను నేనే. లోపట అన్నీ నల్లగ, వేడిగ, ఒక్కతీరుగ ఉన్నయ్. అయినా తల ఊపుకుంట "ఊఁ... ఊఁ..." అన్న. డాక్టర్లు గట్లనే అంటరు కదా.

"ఏమైంది బావా?"

"డీజిల్ గొట్టంల గాలి సొచ్చింది. నూకుతే పోతది."

పాపం మహేష్! షేర్వాణీ, నొసటికి బాసికం, చెంపకు దిష్టిచుక్క, గా అవతారంల కారు నూకిండు. అత్తమ్మ దిగుతనన్నది గాని, "మీరు కూసోండ్రి, బరువుండాలె" అన్న. ఎందుకన్ననో నాకిప్పటికీ తెల్వది. కారు ఇంకింత వడ్ల మీదికి జరిగింది. వడ్లకు కావలి కూసున్న రాజవ్వ అనే ముసలామె చీపురు పట్టుకొని ఉరికొచ్చింది.

"ఓ కొడుకా! నా వడ్లు తొక్కుడేంది? పెండ్లి మీది, నష్టం నాదా?"

మహేష్‌ను చూసినంక ఆమె చీపురు కిందికి దిగింది. "అయ్యో, పిలగాడు చెమటకు నానవట్టె" అని కొంగు తోని వాని మొఖం తుడిసింది. మామ ఫోన్ చేసిండు. "ఎక్కడున్నరు? ఇక్కడ బ్యాండోళ్లు వాయించి వాయించి కూసున్నరు."

"అచ్చినట్టే మామా!" అన్న. మహేష్ నన్ను కొత్తగ చూసిండు.

గప్పుడు నా దుకాణం తెలివి పని చేసింది. ఫోన్ బిగుసుకపోతే ఏం చేస్తం? బ్యాటరీ తీసి మళ్ల పెడ్తం. కారైతే ఏంది, పెద్ద ఫోనే కదా! రాజవ్వ బోరు మోటర్ కాడికెల్లి పానా తెచ్చిచ్చింది. బ్యాటరీ వైరు ఇప్పిన. నట్టు చేతిలకెల్లి జారింది. టింగుమని రోడ్డు మీద ఎగిరి సక్కగ వడ్లల్లకు పోయింది.

"ఏం పడ్డది బావా?"

"ఏం లేదు. అక్కరలేనిది."

అత్తమ్మ కారు దిగింది. రోడ్డుకు అడ్డం పోయి రెండు చేతులు చాపి నిలబడ్డది. ఒక ట్రాలీ ఆటో ఆగింది. దాని నిండ టెంట్‌హౌస్ ఎర్ర కుర్చీలు. నడిపేటాయన ఖాదర్ భాయ్, కథలాపూర్ల ఫంక్షనైతే కుర్చీలు ఏసుకొని వేములాడకు పోతున్నడట.

"అరే, దుల్హా రోడ్డు మీద ఉన్నడా? తోబా తోబా! ఎక్కుండ్రమ్మా, సిరిసిల్ల దాకా నేనే దించుత."

"మరి నీ కుర్చీలు భాయ్?"

"కుర్చీలకు ముహూర్తం ఉండదమ్మా."

ట్రాలీ నడుమ ఒక ఎర్ర కుర్చీ ఏసి మహేష్‌ను కూసోబెట్టిండ్రు. అత్తమ్మ పక్క కుర్చీల కూసొని, ఒక చేతి తోని కొడుకును, ఇంకో చేతి తోని కొబ్బరికాయల సంచిని పట్టుకున్నది. ఆటో కదిలినంక వెనుకకు మర్రి, "అల్లుడా, ఎండల నిలబడకు!" అని ఒర్రింది. నేను చేసిన ఘనకార్యానికి ఆమె తిట్టుంటే బాగుండు. ఆమె చెప్పినట్టే పోయి బానెట్ నీడల నిలబడ్డ.

అటెన్క లావణ్య ఫోన్.

"నీ అంగీ జేబుల కారు చెవి ఉన్నది. మరి నువ్వు దేంతోని పోయినవ్?"

"ధైర్యం తోని" అన్న.

ఆడోళ్ల జీపుల చెవి పట్టుకొని వచ్చింది. బటన్ నొక్కుమన్నది. నొక్కిన. ఏముంటది? చెవి లేక ఆగిన కారును, చెవి వచ్చినా లేవకుంట చేసి పెట్టిన కదా! పట్టుచీరలు కట్టుకున్న ఆడోళ్లందరు కొంగులు దోపి వడ్లల్ల నట్టు దేవులాడిండ్రు. పెండ్లికి పోతున్నరా, నాట్లకు పోతున్నరా అన్నట్టున్నది. ఆఖరికి రాజవ్వ కాలికి తాకింది. "ఇగో కొడుకా, నీ అక్కరలేనిది" అని చేతిల పెట్టింది.

వైరు బిగిస్తే కారు లేచింది గాని, మేం పోయేసరికి తలంబ్రాలు అయిపోయినయ్. మామ నా దిక్కు అస్తుంటే కండ్లు మూసుకున్న. "తిన్నవా అల్లుడా?" అన్నడు, గంతే. పెండ్లిపిల్ల సౌజన్య అప్పటిదాక భయంతోని ఏడ్సుకుంట కూసున్నదట. కిటికిల నుంచి చూస్తే పెండ్లి పిలగాడు కుర్చీల కుప్ప నడుమ రాజు లెక్క ఊరేగుకుంట వస్తున్నడు. ఫక్కుమని నవ్విందట. బ్యాండోళ్లు ఇదేదో కొత్త ఫ్యాషనని రెండింతలు వాయించిండ్రట.

ఇగ అప్పగింతల యాళ్లయింది. తల్లి ఏడుస్తుంది, తండ్రి ఏడుస్తుండు, సౌజన్య ఎక్కెక్కి పడి ఏడుస్తుంది. నేను వినయంగ కారు తలుపు తీసి నిలబడ్డ. ఆ పిల్ల కన్నీళ్లు తుడుసుకొని, కారును చూసింది, నన్ను చూసింది, తండ్రి చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"బాపూ, నేను గీ కారెక్క. ఆయన వచ్చిన కుర్చీల బండినే పిలువు!"

ఏడ్చేటోళ్లందరు ఒక్కపారి నవ్విండ్రు. అప్పగింతలు నవ్వుకుంట చేసిన ఇల్లు మా మండలాలల్ల అదొక్కటే కావొచ్చు.

అందుకే పెద్దమనుషులారా, మీ అందరి సాక్షిగ ఒట్టేస్తున్న. ఇగ ఈ జన్మల బానెట్ లేప. పక్కోడు లేపినా అటు దిక్కు చూడ. ఎర్రబొమ్మ కనవడితే అదేందో లావణ్యనే అడుగుత. ఆమె పానా అంటే పానా, చెవి అంటే చెవి, "దిగి నూకు" అంటే మారు మాట లేకుంట దిగి నూకుత.