దువ్వెన తగిలితే నొప్పి

2023 వేసవి. నరసరావుపేటలో కోర్టుకు పోయే దారిలో నా సెలూన్, రెండు కుర్చీలు. నా చదువు ఆరో తరగతిలో ఆగింది గానీ, ఇరవై ఏళ్ళుగా ఎంత చదివినోళ్ళయినా నా ముందు తల వంచాల్సిందే. ఆ తలల్లో సగం నొప్పితో వచ్చేవే. వాయిదాలకు తిరిగి తిరిగి నుదురు చుట్టూ పట్టీ బిగించినట్టుందనేవాళ్ళకు హెడ్ మసాజ్ చేస్తే తేలికపడతారు. ఒక పక్కే పోట్లు, వెలుతురు చూడలేం, వాంతి వచ్చేట్టుందంటే అది మైగ్రేన్. వాళ్ళకి లైటు తీసేసి నేను నోరు మూసుకుంటే చాలు. ఆ నోరు మూసుకోవడమే నాకు కష్టం.

జోసెఫ్ మాస్టారు నాకు లెక్కలు చెప్పినాయన. డెబ్బై దాటాయి. ఓ రోజు కొత్తగా కణత నొప్పంటూ వస్తే నూనె పెట్టి గట్టిగా మర్దించి, "మాకు తెప్పించిన నొప్పులన్నీ మిమ్మల్ని వెతుక్కుంటా వచ్చాయి మాస్టారూ" అని నవ్వించి పంపాను.

వారానికి క్రాఫ్ కోసం మళ్ళీ వచ్చారు. కుడివైపు క్రాఫ్ పూర్తిచేసి ఎడమ కణత మీద దువ్వెన పెట్టానో లేదో, ఉలిక్కిపడ్డారు.

"దువ్వెన తగిలినా మండుతుందిరా. మసాజ్ చెయ్, పోద్ది."

వేలు పెట్టి చూస్తే కణత మీద నరం పురికొసలా గట్టిగా ఉంది.

"అన్నం తింటన్నారా?"

"నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ లాగేస్తంది."

"మమ్మల్ని చూసి పళ్ళు కొరికీ కొరికీ అరిగినాయేమో."

ఆయన నవ్వలేదు. "నిన్న పేపరు చదువుతుంటే ఎడమ కంటికి తెర అడ్డం పడ్డట్టయింది. కాసేపటికి పోయింది లే."

దువ్వెన పక్కన పెట్టేశాను. జబ్బు పేరు తెలీదు గానీ, కంటిదాకా పోయిన తలనొప్పి నూనెకు తగ్గేది కాదని మాత్రం తెలిసింది.

"మసాజ్ లేదు మాస్టారూ. ఆసుపత్రికి పదండి."

"ఆరో తరగతిలో మానేసినోడివి, నువ్వు నాకు చెప్తావా?"

"అందుకేగా, చదువుకున్నోళ్ళ దగ్గరకు పోదామంటంది."

"ముందు ఆ రెండో వైపు కత్తిరించు."

"వచ్చాక."

"సగం క్రాఫ్‌తో బజార్లో ఎట్టా పోవాలిరా?"

"ఆటోలో. నా తువ్వాలు చుట్టుకుని."

తిట్టుకుంటూనే ఎక్కారు.

డాక్టరమ్మ కణత పట్టి చూసి, రక్తపరీక్ష రాసి, ఆ ఫలితం రాకముందే మందు మొదలుపెట్టింది. జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అంది. కణతలో రక్తనాళం వాచడమంట, యాభై దాటాక వస్తుందంట. ఆలస్యమైతే రెండు కళ్ళూ పోవచ్చంట. మర్నాటికి మాస్టారి ఎడమ కన్ను కొంత మసకబారింది. మందు పనిచేసి అక్కడితో ఆగింది. కుడి కన్ను నిలిచింది.

మొదటిసారి వచ్చినప్పుడు నేను జోకేశానే గానీ ఒక్క ముక్క అడగలేదు. అప్పుడే అడిగి పంపి ఉంటే ఆ కన్ను కూడా బాగుండేదేమో.

ఇప్పుడు నూనె సీసా తీయకముందే అడుగుతాను. ఈ నొప్పి పాతదా, కొత్తదా? పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిందా? చూపులో, మాటలో, చేతిబలంలో తేడా ఉందా? జ్వరంతో మెడ బిగిసిందా? తలకు దెబ్బ తగిలిందా? తేడాగా అనిపిస్తే కుర్చీలోంచి లేపి ఆసుపత్రికి పంపిస్తాను. మసాజ్ చివర టకామని మెడ విరవడం కూడా ప్రమాదమంట, ఎవరికీ చెయ్యట్లేదు. "మసాజ్‌కి వస్తే ఈ పోలీసు విచారణేంది?" అని విసుక్కునేవాళ్ళు చానామంది. విసుక్కోనివ్వండి. జోకులు ఇప్పటికీ వేస్తాను, అడిగాకే.