జ్వరం తగ్గిన రోజు

ఇందాక మా వీధిలోకి దోమల మందు కొట్టే పొగ బండి వచ్చింది. కిటికీలు మూసేలోపే ఆ మందు ఘాటు ఇల్లంతా నిండిపోయింది. పిల్లలు కేకలేస్తూ పొగ వెంట పరుగెత్తారు. నేను దగ్గుకుంటూ పెరట్లోకి వెళ్లి కూలర్ అడుగున నిలిచిన నీళ్లు ఒంపేశాను. "పొగ ఎగిరే దోమకే. నీళ్లలో పెరిగే దాని పిల్లల్ని ఎవరు చూస్తారే?" అనేవారు డాక్టరమ్మ. ఆ వాసన తగిలితే చాలు, ఆవిడ గొంతు నా చెవిలో మోగుతుంది.

ఆ డాక్టరమ్మ మెహరున్నీసా గారు చీరాలలో చిన్న నర్సింగ్ హోమ్ నడిపేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నర్సుగా ఆవిడ దగ్గర చేరాను. మనిషి పొట్టి, నోరు మాత్రం మైకు. పేషెంట్లను నాన్నా, అమ్మా అని పిలిచేవారు, మమ్మల్ని ఉతికి ఆరేసేవారు. ఒకసారి డెంగీ జ్వరంతో ఉన్నావిడ నుదుటి మీద చెయ్యి వేసి "తగ్గిందండీ" అన్నాను. "నుదురు చూడడానికి నర్సెందుకు, ఎదురింటి పిన్నిగారు చాలదూ? పాదాలు పట్టుకో!" అన్నారు. అందరి ముందూ అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పారు. డెంగీలో కొందరికి జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదమట. రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి ఊరి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. మిగిలిన రక్తం చిక్కబడి ఒంటికి చాలదు. అప్పుడు ముందుగా చల్లబడేవి కాళ్లూ చేతులే.

పత్తి తీతల రోజుల్లో ఒకనాడు మా తమ్ముడు శీనును బస్సులో తీసుకొచ్చింది అమ్మ. కాలిపోయే జ్వరం, కళ్ల వెనక పోటు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు. పరీక్షలో డెంగీ అని తేలింది. "ఇంటి దగ్గర నీళ్లెక్కడ నిలవుంటాయి నాన్నా?" అని శీనును అడిగారు డాక్టరమ్మ.

"ఎక్కడా ఉండవండి. పత్తికి మందు కలపడానికి నీళ్లు పట్టే డ్రమ్ము ఉంది, అంతే. పురుగుమందు డ్రమ్ములో దోమేంటండి? వాలితే చావాల్సిందే!"

మా ఊళ్లో ప్రతి రైతుకూ అదే ధీమా. ఆవిడ వాదించలేదు. మర్నాడు మా నాన్న చేత ఆ నీళ్లు సీసాతో తెప్పించి వెలుతురుకు పట్టారు. వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. "ఇవిగో, నీ మందుకు చచ్చిన దోమలు" అన్నారు. కాళ్ల మీద తెల్ల చారలుండే ఈ దోమ పగలే కుడుతుందనీ, వీణ్ణి కుట్టింది ఇంకొకర్ని కుడితే వాళ్లకూ అంటుకుంటుందనీ చెప్పి, పట్టపగలు వాడి మంచానికి దోమతెర కట్టించారు. పక్క మంచాలవాళ్లు నవ్వుకున్నారు.

తర్వాత జ్వరం దిగింది. అమ్మ మొహం విప్పారింది. "హమ్మయ్య, ఒళ్లు చల్లబడింది. ఇంటికి తీసుకుపోయి పథ్యం పెట్టుకుంటానమ్మా. మబ్బు పట్టింది, విచ్చిన పత్తి తడిస్తే గోవిందా!" అంది. శీను అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. డాక్టరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పత్తి సంగతి మీ ఆయన చూసుకుంటాడు. నాకు ఇవాళే భయం. మీ అమ్మాయి వార్డంతా తిరగాలి. మీరు ఇక్కడే కూర్చుని వీడి పాదాలు పట్టుకుని చూస్తుండండి. చల్లబడితే కేకెయ్యండి."

అమ్మ ఉలిక్కిపడింది. "అయ్యో, కన్నతల్లి కొడుకు కాళ్లు పట్టుకోవచ్చా? వాడికి ఆయుక్షీణం!" అంటూ వాడి నుదురే నిమురుతూ కూర్చుంది. నేను బతిమాలినా వినలేదు. డాక్టరమ్మ వచ్చి, అమ్మ చెయ్యి తన చేత్తో పట్టుకుని దుప్పటి కింద వాడి పాదం మీద పెట్టారు. "పాపమంటూ ఉంటే నాకే రానివ్వండి. చెయ్యి మాత్రం తియ్యకండి" అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది, చెయ్యి తియ్యలేదు.

మధ్యాహ్నం అమ్మ పెట్టిన కేక వార్డంతా వినబడింది. "ఒసేయ్, పాదాలు ఐసుగడ్డలే!" నుదురు మామూలుగానే ఉంది. వాడు కడుపు నొప్పని మూలుగుతున్నాడు, నాడి దారంలా ఆడుతోంది. డాక్టరమ్మ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి సెలైన్ ఎక్కించారు. నాడి, బీపీ చూస్తూ దాని వేగం పెంచుతూ, తగ్గిస్తూ అక్కడే ఉన్నారు. చీకటి పడేవేళకు పాదాలు వెచ్చబడ్డాయి, ఉచ్చ పోశాడు. "ఇక బతికిపోయాడు వెధవ" అని అప్పుడు కూర్చున్నారు.

అమ్మ ఆవిడ కాళ్ల మీద పడబోయింది. "నావెందుకమ్మా? వాడివి పట్టుకోండి!" అని ఆవిడ నవ్వారు.

డాక్టరమ్మ పోయి కొన్నేళ్లయింది. పొగ ఇంకా పూర్తిగా పోకముందే, ఇప్పుడే అమ్మ ఫోన్ చేసింది. శీను కొడుకు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాడు. "జ్వరం తగ్గిందే" అంది. అందరికీ చల్లని కబురు, నాకు గుండె ఝల్లుమంది. నేను అడిగేలోపే అమ్మే చెప్పింది.

"కంగారుపడకు. పాదాలు వెచ్చగానే ఉన్నాయి. పొద్దుటి నుంచీ నేను వదల్లేదు."