శ్రీలక్ష్మి పేరు రెండు కంప్యూటర్లలో

పోయిన వారం మంగళగిరిలో మా ఆఫీసు కంప్యూటర్ ఒకటి వేడెక్కి ఆగిపోతుంటే మరలు విప్పి మూత తీశాను. ఫ్యాన్ రెక్కలకు బూడిదరంగు నూగు చుట్టుకుని ఉంది. బ్రష్‌తో దులిపేసరికి కాలిన దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో పాటే చిలకలూరిపేటలో మస్తాన్‌వలి గారి డీటీపీ సెంటర్ గుర్తుకొచ్చింది. నా మొదటి ఉద్యోగం అక్కడే. చుట్టూ జిన్నింగు మిల్లులు. పత్తి లారీలు తిరిగే నెలల్లో నూగు గాలితో కొట్టుకొచ్చి, మూసిన డబ్బాల్లోకి కూడా ఎలాగో దూరేది. ఫ్యాన్ బిగుసుకునేది, కంప్యూటర్ ఆగిపోయేది.

అందుకే మస్తాన్ గారి షాపులో ఏ సీపీయూకీ పక్క మూత ఉండేది కాదు. అమ్మిన డీలరు మరల మీద స్టిక్కర్లు అంటించి, అవి చిరిగితే గ్యారంటీ పోతుందని చెప్పాడట. ఈయన వాటిని బ్లేడుతో కోసి పారేశారు. ఉద్యోగం అడగడానికి వెళ్లిన రోజున, ఇంజనీరింగ్ చదివినవాణ్ని కాబట్టి, గ్యారంటీ సంగతి గుర్తుచేశాను.

"గ్యారంటీ ఉంటే ఇది గుంటూరు మోసుకుపోయి, బాగయ్యేదాకా వాళ్ల కోసం కూర్చోవాల. మూత లేకపోతే నేనే బ్రష్షు పెట్టి ఊడుస్తా. ఏది నయమో నువ్వే చెప్పు ఇంజనీరూ," అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు ఇంజనీరే.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో నాకు లైనక్స్ దొరికింది. విండోస్ లాగే అదీ కంప్యూటర్‌ను నడిపించే సిస్టమే. దాన్ని ఎవరైనా ఉచితంగా ఎక్కించుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, లోపల రాసిన ప్రోగ్రామంతా చదివి మార్చుకోవచ్చు. మూతలు పీకేసే మనిషికి ఇది నచ్చకపోతే మరేది నచ్చుతుంది అనుకున్నాను. షాపులో ఉన్నది విండోస్. అది కూడా వీధి వీధంతా ఒకే సీడీ నుంచి ఎక్కించుకున్న దొంగ కాపీ. ఇంతలో గుంటూరులో తనిఖీలు చేస్తున్నారని, కంప్యూటర్లు పట్టుకుపోతున్నారని పుకారు లేచింది. మస్తాన్ గారికి అన్నం సయించలేదు. శుభలేఖల గిరాకీ ఉండే ముహూర్తాల రోజుల్లో కంప్యూటర్లు పోతే షాపు లేనట్టే. అలాగని అన్నిటికీ అసలు కాపీలు కొనే స్తోమత ఆయనకు లేదు.

నేను ఉత్సాహంగా పట్టిక వేశాను. ఒక పక్క విండోస్, ఇంకో పక్క లైనక్స్. ధర, వైరస్ బెడద, పాత మెషీన్ మీద వేగం, ప్రింటరుతో పొత్తు, మరమ్మతు. ప్రింటరు దగ్గర తప్ప అన్నిచోట్లా లైనక్సే గెలిచింది. తెలుగు అన్న గడిలో మాత్రం 'మెరుగవుతోంది' అని రాశాను. మస్తాన్ గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"బానే ఉంది. ఇందులో నాగమణి ఏ గడిలో ఉంది?"

"నాగమణి గారా?"

"మరి? దీని ముందు కూర్చునేది ఎవరు, నువ్వా నేనా?"

షాపులో తెలుగు టైపు చేసేది నాగమణి గారు. పేజీకింత అని కూలి. భర్తకు మిల్లులో పని పోయాక ఇల్లు ఆవిడ వేళ్ల మీదే నడుస్తోంది. మీటల వైపు చూడకుండా, పక్కవాళ్లతో కబుర్లాడుతూనే శుభలేఖ కొట్టేసేవారు. ఆ వేగమంతా విండోస్ మీద మాత్రమే పనిచేసే ఒక ఫాంట్ల ప్యాకేజీతో వచ్చింది. లైనక్స్‌లో తెలుగు అక్షరాల మీటలు వేరే చోట్ల ఉంటాయి.

మస్తాన్ గారు వాదించలేదు. ఒక మెషీన్లో లైనక్స్ ఎక్కించమని చెప్పి, అప్పుడే వచ్చిన శుభలేఖను రెండిట్లోనూ కొట్టించారు. విండోస్‌లో ఇట్టే అయిపోయింది. లైనక్స్ దగ్గర ఆవిడ చూపుడువేలు మీట కోసం గాల్లో వెతుక్కుంది. "పలక మీద ఓనమాలు దిద్దినట్టుంది అన్నా," అని మస్తాన్ గారి వైపు చూసి నవ్వి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. చివరికి వచ్చిన ప్రింటులో ఒత్తులు అక్షరాల కింద కాక పక్కకు జారి పడ్డాయి. పెళ్లికూతురి తండ్రి, మిర్చి రైతు, సరిగ్గా అప్పుడే వచ్చి ఆ కాగితమే అందుకున్నాడు.

"ఏందయ్యా ఇది? మా శ్రీలక్ష్మి పేరుకి కాళ్లు ఊడిపోయినయ్యే!"

"కంగారుపడబాక పెద్దాయనా. అది మా ఇంజనీరు ప్రయోగం. మీ అమ్మాయి నిక్షేపంగా ఉంది, ఇదుగో," అంటూ మస్తాన్ గారు రెండో కాగితం చేతికిచ్చారు.

మర్నాడు తన నిర్ణయం చెప్పారు. నాగమణి గారి మెషీన్ ఒక్కదానికే విండోసూ ఫాంట్లూ అసలైనవి కొంటారు. ఇంగ్లిషు లెటర్‌హెడ్లు, మిల్లు బిల్లులు, స్కానింగు చేసే మిగతా మెషీన్లన్నీ లైనక్స్‌కు మారతాయి. ఇన్వర్టర్ కోసం దాచిన డబ్బు అటు పోయింది. ఆ వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నాం. నాకు మాత్రం మింగుడుపడలేదు. అంతా ఒకే పద్ధతిలో ఉంటే బాగుంటుంది కదండీ అన్నాను.

"నీది ఉచితమేనయ్యా, కాదన్లా. ఆ పిల్లకి మళ్లీ చెయ్యి తిరిగేదాకా ఇంటికి పట్టుకెళ్లే కూలి తగ్గిద్ది. అది ఎవురిస్తారు? నీ పట్టికలో అదెక్కడ రాశావు?"

అలాగని ఆయన లైనక్స్‌ను చిన్నచూపూ చూడలేదు. ఆ ముహూర్తాల్లోనే ఎవరో తెచ్చిన ఫ్లాపీలోంచి వైరస్ వచ్చి నాగమణి గారి మెషీన్ ఆగిపోయింది. మూతలు ఎటూ లేవు కాబట్టి దాని హార్డ్ డిస్క్ ఊడదీసి, ఆ వైరస్ అంటని లైనక్స్ మెషీన్‌కు తగిలించాను. శుభలేఖలన్నీ భద్రంగా బయటికొచ్చాయి. "ఇంజనీరు వేసిన ఈ వైరస్ గడి మాత్రం నిజమేనమ్మా," అన్నారు ఆయన, నాగమణి గారి వైపు తిరిగి. నాకు అది పెద్ద బిరుదు.

ఆ తర్వాత ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నాగమణి గారిని లైనక్స్ ముందు కూర్చోబెట్టి ఒక పేజీ కొట్టించేవారు. ఆ పేజీ ఎవరికీ అక్కర్లేదు. అయినా కూలి ఇచ్చేవారు. ఎక్కడెక్కడి వాళ్లో, మాకు ముఖాలైనా తెలియని వాళ్లు, లైనక్స్‌లో తెలుగు అక్షరాలను సరిచేస్తూ ఉండేవారు. కొత్త సీడీ వచ్చినప్పుడల్లా మేం ముందుగా శ్రీలక్ష్మి పేరే కొట్టి చూసేవాళ్లం. ఒక వానాకాలం మధ్యాహ్నం నాగమణి గారు ప్రింటు తీసి వెలుతురుకు పెట్టి చూశారు. ఎవరూ చెప్పకుండానే తన కుర్చీని ఆ మెషీన్ ముందుకు లాక్కుని కూర్చున్నారు.

"అన్నా, శ్రీలక్ష్మికి కాళ్లొచ్చినయ్యి."

మస్తాన్ గారు బ్రష్ తీసుకుని ఆ మెషీన్ ఫ్యాన్ దులిపి వెళ్లిపోయారు.

ఆయన ఇప్పుడు లేరు. ఏ ఆఫీసుకు ఏ సిస్టం నప్పుతుందో చూసి చెప్పడం ఇప్పుడు నా వృత్తి. ఇంట్లో నేను వాడేది లైనక్సే, వీలున్నచోటల్లా దాని తరఫున మాట్లాడతాను. పట్టికలు ఇంకా వేస్తాను. వాటిలో ధర కంటే పైన ఒక వరుస ఉంటుంది. కొత్తగా చేరిన అమ్మాయి మొన్న దాని మీద వేలుపెట్టి అడిగింది.

"సార్, ఈ నాగమణి అంటే ఏంటి?"

"ఆ సీట్లో కూర్చునే మనిషి. ముందు వెళ్లి వాళ్ల పేరేంటో కనుక్కునిరా," అన్నాను.