ఉద్దానంలో టీ దోమ

ఆ రోజుల్లో వ్యవసాయం గురించి నాకు తెలియనిదంటూ లేదు. వయసు ఇరవై మూడు, కాలేజీ వదిలి నాలుగు నెలలు, పైగా జేబులో రెండు పెన్నులు. (ముప్పై దాటినప్పటి నుంచి ఆ జ్ఞానం ఏటేటా తగ్గుతూ వచ్చింది.) తొంభైల చివర్లో ఉద్దానంలో, పలాస దగ్గర ఒక మండల వ్యవసాయ కార్యాలయంలో నా మొదటి ఉద్యోగం. మా పైఅధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఒకరోజు ఆయన నా చేతిలో కరపత్రాల కట్ట పెట్టి, పూండి అవతల ఒక ఊళ్ళో జీడి పూత మాడిపోతోందనీ, వారం లోపల మందు కొట్టకపోతే ఈ ఏడు జీడిపిక్కలు చూడరనీ, వెళ్ళి రైతులకు నచ్చజెప్పి రమ్మనీ చెప్పారు. నచ్చజెప్పడం నాకో లెక్కా అనుకుంటూ మోపెడ్ ఎక్కాను.

బడి వరండాలో నలభై మంది దాకా కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, పుష్పించు దశయందు ఆశించు రసం పీల్చు కీటకముల గురించి అరగంట ఏకధాటిగా చెప్పాను. అందరూ కదలకుండా విన్నారు. అది శ్రద్ధ అనుకున్నాను. (ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారని తర్వాత తెలిసింది.) చివరికి గాజు సీసాలో ఉన్న పురుగును పైకెత్తి చూపించి, దీని పేరు టీ దోమ అన్నాను. అప్పుడు స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె, ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, నెమ్మదిగా అడిగింది.

"మా ఊర్లో టీ తోటల్నేవు గదా బాబూ. మరి దానికి టీ ఎవులిత్తన్నారు?"

నిద్రపోతున్న ఇద్దరు కూడా లేచి నవ్వారు. తేయాకు తోటల్లో మొదట కనబడింది కాబట్టి ఆ పేరొచ్చిందని నేను వివరించేకొద్దీ నవ్వులు పెరిగాయి. పెద్దమ్మ సీసా తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకు చూసి, దీన్ని మేము ఎర్రదోమ అంటాం, మా అత్తగారి కాలం నుంచీ ఎరుగుదుం అంది. ఆ ముక్క ముందే అడిగి ఉంటే అరగంట మిగిలేది.

నవ్వడమైతే నవ్వారుగానీ మందు కొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. పూత మీద మందు పడితే ఉన్నదీ రాలిపోతుందని వాళ్ళ భయం. ఆఖరికి పెద్దమ్మే తన తోటలో మూడు చెట్లు ఇస్తానంది. ఆ ఏడు ఆవిడ ఇంటికి ఆధారం ఆ తోటేనని అప్పుడు నాకు తెలియదు. మోపెడ్ మీద తెచ్చిన పిచికారీ పంపు వీపుకు తగిలించుకుని, మందు కలపబోతుంటే ఆవిడ ఆపింది.

"ముందుగాల వట్టి నీల్లతో సూపించు బాబూ. ఎలగ కొడతావో సూత్తాను."

నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని మనసు చివుక్కుమన్నా నీళ్ళే పోసుకున్నాను. అప్పటికి పొద్దు బాగా ఎక్కి, సముద్రపు గాలి మొదలైంది. నేను సరిగ్గా సముద్రానికి ఎదురుగా నిలబడి, హుందాగా మీట నొక్కాను. చెట్టుకు చుక్క పడలేదు. జుట్టు, కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, రెండు పెన్నులు, అన్నీ తడిసిపోయాయి. ఊరివాళ్ళు ఈసారి నవ్వలేదు, జాలిపడ్డారు. అది ఇంకా కష్టంగా ఉంది. పెద్దమ్మ తువ్వాలు అందిస్తూ, ఎవరికీ వినబడకుండా అంది.

"మందైతే కల్లు పోయీవి నాయినా. రేపు తెల్లారీ యేలకి రా. అప్పుడు గాలుండదు."

మర్నాడు పొద్దు పొడిచేసరికి వెళ్ళాను. ఆకు కదలడం లేదు. ఆవిడ ఏ కొమ్మ చూపిస్తే ఆ కొమ్మకు కొట్టాను. మూడు రోజులకు కొత్త పూత పచ్చగా నిలబడటం చూసి, ఊళ్ళో అందరూ పంపు కోసం నా వెంట పడ్డారు. పెద్దమ్మ మరిది ఒక్కడే చూద్దాంలే అని ఆగాడు. ఆయన తోటలో పూత మాడిపోయింది. ఆ వేసవంతా, నేనే వెళ్ళి మాడ్చినట్టు, నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. పెద్దమ్మ చెట్లు మాత్రం కాశాయి. పిక్కలు ఏరే రోజుల్లో అటు వెళితే, ఆవిడ నన్ను కూర్చోబెట్టి చద్దన్నం పెట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత తనిఖీకని అదే కార్యాలయానికి వెళ్ళినప్పుడు, పాత ఫైల్లో ఆ నెల నేను రాసిన నివేదిక దొరికింది. "గాలి దిశను గమనించి పిచికారీ చేయు విధానమందు రైతులకు క్షుణ్ణముగా శిక్షణ ఇవ్వడమైనది" అని ఉంది. ఒంటరిగా నవ్వుకుంటుంటే గుమాస్తా వింతగా చూశాడు. ఎవరు ఎవరికి శిక్షణ ఇచ్చారో దిద్దుదామని పెన్ను తీశాను. కానీ కింద నా సంతకమే పేజీలో మూడో వంతు ఆక్రమించి, ఎక్కడా చోటు మిగల్చలేదు. పోనీలే పాపం, కుర్రాడు అనుకుని ఫైలు మూసేశాను.