కత్తెరమ్మ గారు లేరండీ

టైలరత్తయ్య మనుషులతో ఏనాడూ అబద్ధమాడి ఎరగదు. ఫోన్లో కనిపించే ఖాళీ గడులకి మాత్రం నిజం చెప్పేది కాదు. 'మీ పేరు', 'మీ పుట్టిన తేదీ', 'మీ చిరునామా' అంటూ తెర మీద గడులు వరసకట్టగానే ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జారేది, పెదాల మధ్య గుండుసూదులు బిగుసుకునేవి, అప్పటిదాకా భూమ్మీద లేని ఓ మనిషి పుట్టుకొచ్చేది. బ్యాంకూ డాక్టరూ మాత్రం దీనికి మినహాయింపు. "వాళ్ళకి నాతో పనుంది. మిగతావాళ్ళకి నా వివరాలతో పని. తేడా లేదూ?" అనేది.

కత్తెరలూ దారాలూ అమ్మే యాప్‌లో ఆవిడ కత్తెరమ్మ. చెప్పుల యాప్‌లో చెప్పులమ్మ, పంతొమ్మిదేళ్ళ పడుచు. మందుల యాప్‌లో మాత్రలమ్మ, నూట నాలుగేళ్ళ పండు ముసలి. ఒక యాప్‌వాళ్ళు ఎత్తు మడమల చెప్పులు చూపించి ఊరించేవారు, మరొకరు చేతికర్రలు చూపించి బుజ్జగించేవారు. ఏ నెలకానెల ఎవరో ఒకరు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపేవారు. అత్తయ్య ప్రతిసారీ ఫోను వైపు తిరిగి "దీర్ఘాయుష్మతీ భవ" అని తనని తానే దీవించుకునేది.

ఒక్కో చోట ఒక్కో పేరెందుకంటే, అది ఆవిడ వృత్తిలోంచి పుట్టిన తెలివి. కుట్టడానికొచ్చిన ప్రతి బట్టకీ అంచు లోపల ఒక్కో రంగుదారంతో చిన్న పోగు వేసి పెట్టేది. ఒకరి లంగా ఇంకొకరి సంచిలోకి వెళ్ళిపోయినా, పోగు చూసి ఎవరిదో చెప్పేసేది. పేర్లూ అంతే.

"నమస్కారమండీ, మాత్రలమ్మ గారేనా? మీకో మంచి ఫ్లాటు చూపిద్దామని..."

"ఓహో! మందులవాళ్ళు నన్ను అమ్మేశారన్నమాట. ఎంతకిచ్చారు నాయనా?"

"అదేంటి మేడమ్, అలా అంటారు?"

"ఏం లేదులే. నూట నాలుగేళ్ళదాన్ని కదా, చవగ్గానే వచ్చుంటాను."

ఫోను పెట్టేసి, మందుల యాప్ తీసి పారేసి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టేది.

వీధి వీధంతా ఈ వ్యవహారం చూసి పడీ పడీ నవ్వేది. నవ్వనిది ఒక్క మేనకోడలే.

మేనకోడలు అత్తయ్య ఇంటికి రెండు పెట్టెలతో వచ్చి ఏడాది కావస్తోంది. కళ్ళద్దాల దుకాణంలో పని. దుకాణం నుంచి ఇంటికి దగ్గర దారి ఉన్నా, రోజూ ఏదో ఒక చుట్టుదారిన వచ్చేది. ఇంట్లోకి రాగానే గొళ్ళెం పెట్టేది, పెట్టానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసేది. ఫోనుని కుట్టాల్సిన బట్టల గుట్ట కింద దాచేది. తెలియని నంబరు మోగితే ఆ గుట్ట సన్నగా వణికేది, గుట్టతోపాటు ఆ పిల్లా వణికేది.

పాత ఊళ్ళో ఆ పిల్ల ఓ జిమ్‌లో చేరింది. అడిగినవన్నీ బుద్ధిగా నింపింది: పేరు, ఫోను, పుట్టినరోజు, ఇల్లు, ఏ వేళకి వస్తుందో కూడా. అక్కడ కౌంటరు దగ్గర కూర్చునే మనిషి అవన్నీ చదువుకున్నాడు. ముందు పుట్టినరోజుకి శుభాకాంక్షలొచ్చాయి. తర్వాత 'ఆ పచ్చ చొక్కా నీకు బాగుంది' అని వచ్చింది. ఆ తర్వాత అతనే వచ్చి ఇంటి ఎదుటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నంబరు మారిస్తే కొత్త నంబరుకీ మెసేజీ వచ్చింది. చివరికి మేనకోడలు ఉద్యోగం, స్నేహితులు, ఊరు అన్నీ వదులుకుంది. మిగిలింది అత్తయ్య ఒక్కతే.

అందుకే అత్తయ్య వేషాలు చూస్తే ఆ పిల్లకి ఒళ్ళు మండేది.

"నీకిది ఆటగా ఉంది అత్తయ్యా. నాకు ప్రాణం మీదికొచ్చింది."

"ఆటే మరి. గెలవడానికే ఆడుతున్నా. ఆ గుండీల డబ్బా ఇటివ్వు."

అన్ని పేర్లకీ అత్తయ్య ఇచ్చే చిరునామా మాత్రం ఒక్కటే, అది తన ఇల్లు కాదు. వీధి చివర పోలీస్ ఠాణా ఉంది. దాని ముందువైపు బోర్డూ, మెట్లూ, హంగూ అన్నీ ఉంటాయి. వెనక సందులోకి మాత్రం ఓ చిన్న తలుపుంది. బోర్డు లేదు. రెండు పూలకుండీలు, ఓ పాత కుర్చీ, గోడ మీద ఇంటి నంబరు. చూసినవాళ్ళు ఏ రిటైరైన మాస్టారి ఇల్లో అనుకుంటారు. ఆ నంబరే అత్తయ్య వాడుకునేది. ఠాణాలో అందరి యూనిఫారాలూ సరిచేసేది ఆవిడే కాబట్టి, ఎవరి నడుము ఏ పండక్కి ఎంత పెరిగిందో ఆవిడకి తెలుసు కాబట్టి, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. పార్సిలు రాగానే హెడ్ కానిస్టేబులమ్మ ఫోను చేసేది.

"టైలరక్కా, నీ చెప్పులమ్మకి చెప్పులొచ్చాయి. వచ్చి విడిపించుకుపో."

ఓసారి వచ్చిన డబ్బా లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. క్షణాల్లో ఠాణా ఖాళీ. ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుళ్ళు, లాకప్పులో ఉన్న దొంగతో సహా అందరూ రోడ్డు మీద. అత్తయ్య తాపీగా నడుచుకుంటూ వెళ్ళి, డబ్బా విప్పి, గుడ్లు ఉడకబెట్టే టైమరు బయటికి తీసింది.

"మీ ధైర్యం చూస్తే ముచ్చటేస్తోంది నాయనా," అంది. దొంగ కూడా తల దించుకున్నాడు.

ఇలా ఉండగా, కంటి పరీక్షలు చేయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి మేనకోడలి కంట పడింది. అది పూర్తిచేస్తే దుకాణంలో అద్దాలు తుడిచే పని పోయి, పరీక్ష చేసే కుర్చీ దొరుకుతుంది. చేరాలని ఉంది. వివరాలు రాయాలంటే వేళ్ళు కదలవు.

"సర్టిఫికెట్టు మీద నా పేరే ఉండాలి అత్తయ్యా. అద్దాలమ్మ అని రాస్తే ఎవరిస్తారు ఉద్యోగం?"

"పేరు రాసుకో, కాదన్లేదు. తప్పనిసరంటూ ఎర్ర చుక్క పెట్టినచోటే రాయి, పెట్టనిచోట ఖాళీగా వదిలెయ్యి. నీ ఫోటో వాళ్ళకెందుకు? నీ రక్తం ఏ గ్రూపో ఎందుకు? కళ్ళు చూడ్డం నేర్పుతారా, నీ రక్తం తాగుతారా?"

"మరి ఇల్లు? పుస్తకాలు పంపాలట."

"ఇల్లు నేను చెప్తా. రాసుకో."

వెనక తలుపు నంబరు రాయించింది. అంతలో ఎవరో కాలరు బిగిస్తోందని గొడవపడుతూ వస్తే అత్తయ్య లేచి వెళ్ళింది. ఫోను నంబరు గడి మిగిలిపోయింది. దుకాణం నంబరు రాయమని అత్తయ్య చెబుతూనే ఉండేది. తొందర్లో మేనకోడలు తన నంబరే రాసేసింది.

పుస్తకాలు ఠాణాకి చేరాయి. పుస్తకాలతోపాటు గోడకి తగిలించే అక్షరాల అట్ట ఒకటి వచ్చింది. హెడ్డమ్మ అందర్నీ వరసగా నిలబెట్టి చదివించింది. కింది రెండు వరసలూ ఎవరికీ కనపడలేదు. "దొంగలు ఎందుకు దొరకటం లేదో ఇప్పుడు తెలిసింది," అందావిడ.

మేనకోడలు చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

కోర్సువాళ్ళు ఓ గ్రూపు పెట్టి, పుస్తకాలు అందాయో లేదో సరిచూసుకోమని అందరి పేర్లూ, నంబర్లూ, చిరునామాలూ కలిపి అందులో పడేశారు. ఆ గ్రూపులోకి ఎవరైనా రావచ్చు, ఎవరైనా చూడొచ్చు. ఆ పిల్ల పేరు పెట్టి ఏడాదిగా వెతుకుతున్న, చూడకూడని మనిషి చూశాడు.

ఆ రోజు మధ్యాహ్నం దుకాణానికి సెలవు. మేనకోడలు గుండీలు కుడుతోంది. బట్టల గుట్ట వణికింది. తీసి చూసింది.

'కొత్త నంబరు దొరికింది. ఇల్లూ దొరికింది. వస్తున్నా.'

సూది కింద పడింది. ఆ పిల్ల లేచి గొళ్ళెం పెట్టింది. కిటికీ మూసింది. కొలతలిచ్చేవాళ్ళు బట్టలు మార్చుకునే తెర వెనక్కి వెళ్ళి, గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఊపిరి బయటికి వినిపిస్తుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అత్తయ్య మిషను ఆగింది. ఎవరొచ్చినా, ఏం మాట్లాడినా ఆగని మిషను అది. ఆవిడ తెర పక్కకి తీసి, ఫోను అందుకుని చదివింది. నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. చివరిది దిండు తప్పి ఆవిడ వేలికే గుచ్చుకుంది. అత్తయ్యకి కూడా భయమేస్తుందని ఆ పిల్ల ఎప్పుడూ అనుకోలేదు. అది చూశాక మరీ భయమేసింది.

"మళ్ళీ ఊరు మారాలి అత్తయ్యా. ఈసారి ఎక్కడికెళ్ళను?"

"ఆగు పిల్లా. ఇల్లు దొరికిందన్నాడు. ఏ ఇల్లు?"

"కోర్సుకి ఇచ్చిన..."

ఆ పిల్ల అక్కడే ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అత్తయ్య ఫోను తీసింది. "హెడ్డమ్మా, మనకో పార్సిలొస్తోంది. ఇది టిక్కు టిక్కుమనదు. అయినా జాగ్రత్త." తర్వాత జరిగినదంతా గబగబా చెప్పింది.

ఆ పైన ఎదురుచూడటమే. సందులో సైకిలు బెల్లు మోగినా మేనకోడలు అత్తయ్య మోచెయ్యి పట్టుకునేది. వాకిట్లో ఓ బండి వచ్చి ఆగింది. బూట్ల చప్పుడు. ఎవరో తలుపు కొట్టారు. అత్తయ్య పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఎవరదీ?"

"నేనేనమ్మా, ప్యాంటు పొడుగైందన్నాను కదా. ఓ అంగుళం కత్తిరిస్తారా?"

"ఇప్పుడొద్దు! ఇప్పుడు కత్తెర పడితే నిక్కరైపోద్ది! రేపు రా!"

వచ్చినవాడు వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. కాసేపటికి ఫోను మోగింది.

"టైలరక్కా, పార్సిలొచ్చింది." హెడ్డమ్మ గొంతు నవ్వాపుకుంటోంది. "పూలు పట్టుకొచ్చాడు. తలుపు కొట్టి, 'ఆ అమ్మాయిని పిలవండి, నేనొచ్చానని చెప్పండి' అన్నాడు. రండి బాబూ, కూర్చోండి అన్నాను. దర్జాగా లోపలికొచ్చి కూర్చున్నాడు. నా టోపీ చూశాక లేవబోయాడు. అప్పటికే ఇన్‌స్పెక్టరు గారు తలుపేశారు. అమ్మాయిని తీసుకురా. తను వచ్చి చెబితేనే కేసు."

మేనకోడలు కదల్లేదు. "నేను రాలేను అత్తయ్యా. వాడి మొహం చూడలేను."

"వాణ్ణి చూడొద్దు. నన్ను చూస్తూ మాట్లాడు."

చెయ్యి పట్టుకుని నడిపించింది. ఈసారి చుట్టుదారి కాదు, వీధి మధ్యలోంచి. ఠాణాలో బెంచీ మీద ఆ మనిషి, ఒళ్ళో వాడిపోతున్న పూలు. అత్తయ్య మెడలోని టేపు సవరించుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఈ కొలతకా పిల్లా మనం ఇంత భయపడింది? మీటరు గుడ్డ కొంటే మిగులుతుంది."

మేనకోడలు అత్తయ్య మొహాన్నే చూస్తూ మొదలుపెట్టింది. జిమ్ము, పచ్చ చొక్కా, ఎదుటి గోడ, ఒక్కొక్కటీ చెప్పింది. దాచి ఉంచిన మెసేజీలు చూపించింది. చివరికొచ్చేసరికి ఆ పిల్ల అతని వైపే చూస్తోంది. అతను పూల వైపు చూస్తున్నాడు.

సంతకాలయ్యాక హెడ్డమ్మ వాళ్ళని వెనక తలుపు దాకా సాగనంపింది. మేనకోడలు పూలకుండీల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"అత్తయ్య పిచ్చే నన్ను కాపాడింది. ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. మొదట్నుంచీ ఇంతేనా ఈవిడ?"

హెడ్డమ్మ నోరు తెరిచింది. "ఇంతేనా? ఈవిడా? నువ్వు రాకముందు టైలరక్క ఓటీపీ వస్తే వీధికి వినపడేలా చదివేది. ఏ కొట్టువాడడిగినా పుట్టినతేదీ, నక్షత్రం, కాలి సైజు అన్నీ చెప్పేసేది. నేనే ఎన్నిసార్లు తిట్టానో. నువ్వొచ్చిన వారంలోనే మనిషి మారిపోయింది."

మేనకోడలు అత్తయ్య వైపు తిరిగింది. ఆవిడ పూలకుండీలో ఎండుటాకులు ఏరుతోంది.

"అత్తయ్యా?"

"నువ్వొచ్చిన కొత్తలో పక్కింటావిడ అడిగింది, మీ మేనకోడలు పేరడిగితే చెప్పదేం, నంబరడిగితే ఇవ్వదేం, ఏం చేసొచ్చింది అని. మా వంశమే అంత అన్నాను. అన్నాక నిలబెట్టుకోవాలి కదా మరి. నన్ను చూసి నవ్వుకుంటూ ఉంటే నీ సంగతి అడగరులే అనుకున్నా." ఎండుటాకులు దులిపేసింది. "పైగా ఒక్కదానివే దాక్కుంటే భయం. పక్కన ఇంకోరుంటే దాగుడుమూతలు."

మేనకోడలు అత్తయ్య చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

గ్రూపులోంచి వివరాలు తీయించేవరకూ హెడ్డమ్మ కోర్సువాళ్ళని నిద్రపోనివ్వలేదు. కొన్నాళ్ళకి మేనకోడలు కళ్ళద్దాల దుకాణంలో పరీక్ష చేసే కుర్చీ పక్కన నిలబడింది. ఫోను బట్టల గుట్ట కిందనుంచి గుట్ట మీదికి వచ్చింది.

ఓ సాయంత్రం అత్తయ్య నోటినిండా గుండుసూదులతో ఎవరికో జేబు కుడుతోంది. ఆవిడ ఫోను మోగింది. తెలియని నంబరు. చూపుతోనే మేనకోడలికి సైగ చేసింది, వదిలెయ్యమని.

మేనకోడలు ఫోను అందుకుంది. ఓ క్షణం చేతిలో పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్కారమండీ, కత్తెరమ్మ గారేనా?"

"కత్తెరమ్మ గారు లేరండీ, మాత్రలమ్మ గారిని చూడ్డానికెళ్ళారు. నూట నాలుగేళ్ళు కదా, నలతగా ఉంది పాపం. నేను మేనకోడల్ని, సూదమ్మని. మా వంశం తరఫున నేనే మాట్లాడతాను, చెప్పండి."

అత్తయ్య నోట్లోంచి గుండుసూదులన్నీ జలజలా రాలాయి.